కొత్త టైర్లు వేయించాక హైబ్రిడ్ కారు మైలేజ్ పడిపోయిందా? లెక్క ఇలా తేల్చుకోండి

టైర్లు మార్పించి నాలుగు రోజులు కాలేదు. మొన్నటి దాకా డాష్‌బోర్డు మీద లీటరుకు 24, 25 చూపించిన కారు ఇప్పుడు 22 దాటనని మొండికేస్తోంది. హైబ్రిడ్ కొన్నవాళ్ల కన్ను ఎప్పుడూ ఆ అంకె మీదే ఉంటుంది కాబట్టి మనసు కలుక్కుమంటుంది. బ్యాటరీ నీరసించిందేమో, ఇంజిన్‌లో ఏదో తేడా చేసిందేమో, షాపువాడు నాసిరకం టైర్లు అంటగట్టాడేమో!

కారును సర్వీస్ సెంటర్‌కు తోలుకెళ్లే ముందు కాస్త ఆగండి. ఆ తగ్గిన మైలేజ్‌లో కొంత భాగం ఉత్త లెక్కల తేడా. కొంత కొత్త రబ్బరు మందం వల్ల వచ్చింది, టైరు అరిగేకొద్దీ అది దానంతటదే వెనక్కి వస్తుంది. కొంత గాలి సరిగ్గా లేక. వీటన్నిటినీ తీసేయగా మిగిలిందే మీరు ఎంచుకున్న టైరు చేసిన నిర్వాకం. ఈ వాటాలు విడదీయడానికి ఓ ప్రెషర్ గేజ్, ఫోన్‌లో జీపీఎస్, కొంచెం ఓపిక ఉంటే సరిపోతుంది.

ఇంకా టైర్లు మార్చనివాళ్లు మొదటి నుంచి చదవండి. మార్చేసినవాళ్లు కింద గాలి గురించి చెప్పిన చోటి నుంచి మొదలుపెట్టినా నష్టం లేదు. కాకపోతే, వెంటనే వచ్చే భాగం మాత్రం ఇద్దరికీ అవసరమే.

అసలు టైరు పెట్రోలు ఎలా తాగుతుంది

గాలి తగ్గిన సైకిల్ తొక్కినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. టైరు నేలకు ఆనిన చోట రబ్బరు నొక్కుకుపోతుంది, ముందుకు దొర్లగానే మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. నొక్కడానికి మనం పెట్టిన శక్తిలో రబ్బరు కొంతే తిరిగిస్తుంది, మిగతాది వేడిగా మార్చుకుని మింగేస్తుంది. దూరం పోయి వచ్చాక టైరు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది ఆ మింగిన శక్తే. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. దొర్లేటప్పుడు టైరు బండిని వెనక్కి లాగే లాగుడు అనుకోండి.

ఈ లాగుడుని టన్ను బరువుకు ఇన్ని కిలోలు అని కొలుస్తారు. మనుషులతో కలిపి మీ కారు 1,500 కిలోలు తూగుతుందనుకుందాం. తేలిగ్గా దొర్లే టైర్లు టన్నుకు 7 కిలోల చొప్పున లాగుతాయి, అంటే మొత్తం 10.5 కిలోలు. అంత తేలిక కానివి టన్నుకు 10 కిలోల చొప్పున 15 కిలోలు. ఈ నాలుగున్నర కిలోల తేడాని 100 కిలోమీటర్ల పొడవునా మోయడానికి చక్రాల దగ్గర సుమారు 4.4 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోలులో ఉండే శక్తి సుమారు 32 మెగాజౌళ్లు. అందులో మూడో వంతు, ఇంకాస్త ఎక్కువ మాత్రమే చక్రాల దాకా వస్తుందనుకుంటే, ఈ తేడా ఒక్కదానికే 100 కిలోమీటర్లకు దాదాపు 0.4 లీటర్లు కాలిపోతాయి.

లీటరుకు 25 ఇచ్చే హైబ్రిడ్ 100 కిలోమీటర్లకు తాగేదే 4 లీటర్లు. దానికి 0.4 కలిస్తే 4.4, అంటే మైలేజ్ 22.7కు దిగుతుంది. ఇవే టైర్లు 100 కిలోమీటర్లకు 8 లీటర్లు తాగే మామూలు పెట్రోలు కారుకు వేశారనుకోండి. దాని ఇంజిన్ సామర్థ్యం ఇంకా తక్కువ కాబట్టి అక్కడ అదనంగా అర లీటరు పైనే పోతుంది. అయినా 12.5 ఉన్న మైలేజ్ 11.7 అవుతుంది, అంతే. ఎండాకాలం ఏసీ వల్లనేమో అనుకుని ఆ కారు ఓనరు పట్టించుకోడు. లీటర్లలో అతనికే ఎక్కువ నష్టం, నిద్ర పట్టనిది మాత్రం మీకు! లీటరుకు కిలోమీటర్ల లెక్కలో ఉన్న చిక్కే ఇది. మైలేజ్ ఎంత ఎక్కువుంటే చిన్న నష్టం అంత పెద్దగా కనిపిస్తుంది. అందుకే ఇకనుంచి 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని కూడా రాసుకోండి, సగం కంగారు అక్కడే తగ్గుతుంది.

అలాగని అంతా కళ్లకు తోచే భ్రమే అనను. హైబ్రిడ్‌కు టైరు దెబ్బ వాటాగా చూస్తే నిజంగానే పెద్దది. మామూలు కారు సిగ్నళ్ల దగ్గర ఊరికే ఇంజిన్ తిప్పుతూ, బ్రేకుల్లో వేడిగా పారబోస్తూ చాలా శక్తి వృథా చేస్తుంది. హైబ్రిడ్ ఆ రెండు కన్నాలూ చాలావరకు పూడ్చేసింది. ఆగినప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది, బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీలోకి శక్తిని వెనక్కి పంపుతుంది. కానీ టైరు మింగిన శక్తిని ఏ మోటారూ వెనక్కి రాబట్టలేదు, అది వేడిగా గాలిలో కలిసిపోయింది. మిగతా ఖర్చులు తగ్గిన ఇంట్లో తగ్గని ఖర్చే పెద్దగా కనిపించినట్టు, హైబ్రిడ్ ఖర్చులో టైరు వాటా పైకి తేలుతుంది. పైగా నెమ్మదిగా పోయేటప్పుడు ఒట్టి మోటారు మీద సాగాల్సిన బండి, లాగుడు పెరిగేసరికి బ్యాటరీని తొందరగా దించేస్తుంది. ఇంజిన్ మునుపటికంటే ముందే లేస్తుంది. యాక్సిలరేటర్ వదిలాక మునుపు ఎక్కడిదాకా జారేదో అక్కడిదాకా జారదు. రోజూ అదే దారిలో నడిపేవాళ్లకు ఇది ఒంటికి తెలిసిపోతుంది.

మొదటి పని: పాత టైర్లు ఉండగానే కొలత తీసుకోండి

ఎక్కువమంది వదిలేసేది ఈ పనే. "మునుపు 25 వచ్చేది" అన్న జ్ఞాపకం కొలత కిందికి రాదు. మనకు గుర్తుండేది బాగా వచ్చిన రోజే. పాత లెక్క గట్టిగా లేకపోతే కొత్తది దేనితో పోల్చాలి? ఇక మిగిలేవి కాకి లెక్కలే.

టైర్లు మార్చడానికి ముందు కనీసం రెండు ఫుల్ ట్యాంకులు, వీలైతే మూడు, లెక్క రాయండి. ట్యాంకు నింపించి, పంపు మొదటిసారి టక్కుమని ఆగగానే చాలనండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ నింపించేటప్పుడు కూడా మొదటి టక్కుకే ఆపించండి, కుదిరితే అదే బంకులో అదే పంపు దగ్గర. తిరిగిన దూరం, పట్టిన లీటర్లు, ఆ రోజుల్లో వాతావరణం ఎలా ఉందో ఒక ముక్క రాసుకోండి. డాష్‌బోర్డు చెప్పే సగటును పక్కన రాసుకోవచ్చు కానీ దాని మీదే ఆధారపడకండి.

రెండోది ఇంకా ముఖ్యం. ఫోన్‌లో జీపీఎస్‌తో దూరం చూపే యాప్ పెట్టుకుని, నేరుగా సాగే రోడ్డు మీద 50 కిలోమీటర్లు పోయి రండి. జీపీఎస్ 50.0 అన్నప్పుడు కారు ట్రిప్ మీటర్ ఎంత చూపింది? ఆ అంకె రాసి దాచండి. ఎందుకన్నది లెక్క చేసే చోట తెలుస్తుంది.

రెండో పని: పాత టైరు మీది రాతలు ఫోటో తీసుకోండి

టైరు పక్కగోడ మీద 195/65 ఆర్ 15 91 వి లాంటి వరస ఉంటుంది. 195 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. 91 ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు, 615 కిలోలు. వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. కొత్తదానికి సైజు సరిగ్గా ఇదే ఉండాలి. బరువు, వేగం గుర్తులు ఇంతకు తగ్గకూడదు. అవసరం లేకుండా బాగా పైకి పోతే మాత్రం ఆ టైరు మందంగా, బరువుగా, గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ.

కంపెనీ పేరు, మోడల్ పేరు కూడా రాసుకోండి. ఇక్కడే ఒక మెలిక ఉంది. కారు కంపెనీ మైలేజ్ పరీక్షల్లో మంచి అంకె రాబట్టుకోవాలి కాబట్టి, ఫ్యాక్టరీలో బిగించే టైర్లను తేలిగ్గా దొర్లేలా ప్రత్యేకంగా చేయించుకుంటుంది. షాపులో అదే బ్రాండు, అదే సైజు దొరికినా లోపలి రబ్బరు మిశ్రమం అదే అయ్యుండాలని లేదు. "మీ కారుకు కంపెనీ వేసేది ఇదేనండీ" అని షాపులో అంటే, పక్కగోడ మీది మోడల్ పేరు, దాని పక్కనున్న చిన్న గుర్తులతో సహా, మీ ఫోటోతో అక్షరం అక్షరం సరిచూసుకోండి.

మూడో పని: ఎంచుకునేటప్పుడు రెండు అంకెలు అడగండి

రోలింగ్ రెసిస్టెన్స్ ఎంత, తడి రోడ్డు మీద పట్టు ఎంత. చాలా దేశాల్లో ఈ రెండూ చూపే లేబుల్ ఉంటుంది. యూరప్‌లో 2021 మే నుంచి నడుస్తున్న లేబుల్‌లో ఎ నుంచి ఇ దాకా ఐదు తరగతులు. కారు టైర్లలో ఎ తరగతి అంటే టన్నుకు 6.5 కిలోలు, అంతకంటే తక్కువ. బి 7.7 దాకా, సి 9.0 దాకా, డి 10.5 దాకా. ఆ పైన అంతా ఇ. పైన నేను వేసిన లెక్కలో 7 కిలోల టైరు బి తరగతిది, 10 కిలోలది డి. ఆ రెండు మెట్ల తేడాయే 25ని 22.7 చేసింది. అదే లేబుల్ మీద తడి పట్టుకు విడిగా అక్షరం ఉంటుంది, చప్పుడు డెసిబెల్స్‌లో ఉంటుంది. మీ దగ్గర లేబుల్ లేకపోయినా కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్, ఆ సైజు లేబుల్ దొరకొచ్చు. సైజు మారితే తరగతీ మారుతుంది, మోడల్ పేరు చూసి ఊరుకోకండి.

ఒకప్పుడు ఈ రెండు గుణాలకూ పొసిగేది కాదు. తేలిగ్గా దొర్లే టైరు వానలో జారేది, గట్టిగా పట్టే టైరు పెట్రోలు తాగేది. మిషెలిన్ 1992లో సిలికా కలిపిన ట్రెడ్‌తో (నేలకు ఆనే రబ్బరు పొరతో) టైర్లు తెచ్చాక ఆ పేచీ చాలావరకు సడలింది. ఇవాళ రెండింటిలోనూ మంచి మార్కులు తెచ్చుకునే టైర్లున్నాయి. అయినా రెండిట్లో ఒకటి వదులుకోవాల్సి వస్తే నేను మైలేజే వదులుకుంటాను. ఏడాదికి కొన్ని లీటర్లు ఎక్కువ పోతే పోనీండి. వానలో ముందున్న బండి వెనక రెండు మీటర్ల ఇవతల ఆగామా అవతల ఆగామా అన్నదానికి ఏ లీటర్లూ సాటి రావు.

ఇక పెద్ద రిమ్‌ల సంగతి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, స్పోర్ట్స్ కార్ల రిమ్‌లు చూసి హైబ్రిడ్‌కు రెండంగుళాలు పెద్దవి వేయించేవాళ్లున్నారు. 2023 టయోటా ప్రియస్‌నే చూడండి. ముందు చక్రాలతో నడిచే మోడళ్లలో 17 అంగుళాల చక్రాలున్నదానికి అమెరికా ప్రభుత్వ అంచనా గ్యాలన్‌కు 57 మైళ్లు. 19 అంగుళాల చక్రాలున్నవాటికి 52. మన లెక్కలో లీటరుకు 24.2, 22.1 కిలోమీటర్లు. రెండు టైర్ల వెడల్పూ 195 మిల్లీమీటర్లే! ఖరీదైన మోడళ్లలో అదనపు సరంజామా బరువు కూడా కొంత ఉంటుంది కాబట్టి తేడా అంతా చక్రాలదే అనలేం, కానీ చక్రాల వాటా మాత్రం చిన్నది కాదు. వెడల్పు కూడా పెంచితే గాలికి ఎదురొడ్డే మేర కూడా పెరుగుతుంది. కాబట్టి కారుతో వచ్చిన సైజుకే కట్టుబడి ఉండండి.

షాపులో ఉన్నప్పుడు

తయారీ తేదీ చూడండి. పక్కగోడ మీద నాలుగంకెల గుర్తుంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. నాలుగు టైర్లకూ దగ్గర దగ్గరగా ఉంటే మంచిది.

రెండే మారుస్తుంటే కొత్తవి వెనక్కి వేయించండి. ముందుకు వేస్తే బాగుంటుందని చాలామందికి అనిపిస్తుంది కానీ, తడి రోడ్డు మీద వెనక పట్టు తప్పితే బండి చేతికి దొరకదు. నాలుగు చక్రాలూ నడిచే హైబ్రిడ్ అయితే రెండే మార్చడానికి ముందు కారు పుస్తకంలో ఏముందో చూడండి.

నైట్రోజన్ పట్టిస్తే మైలేజ్ పెరుగుతుందంటే నవ్వి ఊరుకోండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. కాస్త నెమ్మదిగా తగ్గుతుందన్నది నిజమే, నెలకోసారి గాలి చూసుకునేవాళ్లకు ఆ కాస్తతో పని లేదు.

అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, మాత్రం వదలకండి. ముఖ్యంగా టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. అది తప్పితే టైరు దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతుంది. మైలేజ్ పోతుంది, కొత్త రబ్బరు ఒక అంచున రంపం పళ్లలా అరిగిపోతుంది. పాత టైర్లు ఒకవైపే అరిగి ఉంటే ఇది ముందే చెప్పిన సాక్ష్యం. అలైన్‌మెంట్ అయ్యాక ముందు కొలత, తర్వాత కొలత ఉన్న కాగితం అడిగి తీసుకోండి.

గాలి: అన్నిటికంటే సులువు, అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది

టైర్లు బిగించే హడావుడిలో అన్ని కార్లకూ ఒకే లెక్క గాలి కొట్టి పంపడం మామూలే. నా కారు తలుపు స్తంభం మీది స్టిక్కర్‌లో 36 పీఎస్ఐ ఉంటే, టైర్లు మార్పించిన మర్నాడు పొద్దున్నే చూసుకుంటే 30, 31 ఉంది. బిగించినవాళ్లు దాచిందేమీ లేదు, "అన్నిటికీ ఇంతేనండీ" అన్నారు. హైబ్రిడ్ కంపెనీలు మైలేజ్ కోసం కొంచెం ఎక్కువ గాలి పెట్టమనడం ఉంది కాబట్టి అందరి లెక్క మన కారుకు తక్కువ పడొచ్చు.

అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ప్రకారం నాలుగు టైర్లలోనూ సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజ్ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. ఆరు పీఎస్ఐ తక్కువైతే 1.2 శాతం. లీటరుకు 25 ఇచ్చే కారుకు అది 0.3 కిలోమీటర్లు. కొంప మునిగిపోదు కానీ ఐదు నిమిషాల పనితో తిరిగొచ్చేది ఎందుకు వదులుకోవాలి? తక్కువ గాలితో టైరు వేడెక్కుతుంది, అంచులు అరుగుతాయి, ప్రమాదం కూడా.

ఎలా చూడాలంటే, రాత్రంతా ఆగి ఉన్న బండికి, ఎండ తగలకముందే చూడండి. నాలుగు కిలోమీటర్లు నడిపి వచ్చి చూస్తే లోపలి గాలి వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది. వేడిగా ఉన్నప్పుడు ఎక్కువ చూపిందని గాలి తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. వాతావరణం సుమారు 5, 6 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే ఒక పీఎస్ఐ దానంతటదే తగ్గుతుంది. కాలం మారినప్పుడల్లా చూడమనేది అందుకే. ముందు వెనక అంకెలు వేరుగా ఉండొచ్చు, నిండా మనుషులు, సామాను ఉన్నప్పటికి వేరే అంకె ఉండొచ్చు, స్టిక్కర్ మొత్తం చదవండి. టైరు పక్కగోడ మీద ఉండేది ఆ టైరు భరించగల గరిష్ఠ గాలి, మీరు కొట్టించాల్సింది అది కాదు.

మైలేజ్ పిచ్చితో స్టిక్కర్ కంటే పది పీఎస్ఐ ఎక్కువ కొట్టించేవాళ్లు తగులుతుంటారు. లాగుడు తగ్గే మాట నిజం. దాంతోపాటు రోడ్డుకు ఆనే మేర తగ్గుతుంది, మధ్యలో అరుగుతుంది, గుంతలో పడితే నడుము అదురుతుంది. స్టిక్కర్ అంకె దగ్గరే ఉండండి.

గాలి సరిచేశాక టైర్ ప్రెషర్ హెచ్చరిక వ్యవస్థను రీసెట్ చేయడం మరవకండి. కొన్ని కార్లలో అది చక్రం తిరిగే వేగాన్ని బట్టి గాలి తగ్గిందని కనిపెడుతుంది. కొత్త టైరు చుట్టుకొలత వేరు కాబట్టి దానికి మళ్లీ పరిచయం చేయాలి. ఎలాగో కారు పుస్తకంలో ఉంటుంది.

ఇప్పుడు కొత్త కొలత

తొందరపడి మొదటి వారం అంకె చూసి తీర్పు చెప్పకండి. కొత్త టైరు పైపొర సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా పట్టు కూడా పూర్తిగా రాదు, నెమ్మదిగా నడపండి. ఆ తర్వాత మునుపటి పద్ధతిలోనే రెండు మూడు ఫుల్ ట్యాంకులు, మళ్లీ ఆ 50 కిలోమీటర్ల జీపీఎస్ ప్రయాణం.

ఇప్పుడు ఆ జీపీఎస్ కథ. కారు దూరాన్ని చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి చెబుతుంది. కొత్త టైరు గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. అరిగి 2 మిల్లీమీటర్లకు వచ్చేసరికి వ్యాసం 12 మిల్లీమీటర్లు తగ్గుతుంది. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, కారు ఎక్కువ దూరం పోయాననుకుంటుంది. అంటే అరిగిన టైర్ల మీద మీరు మురిసిపోయిన మైలేజ్‌లో 1 నుంచి 2 శాతం ఉత్తుత్తిదే! కొత్త టైర్లు వేయగానే కారు నిజం చెప్పడం మొదలుపెట్టింది, మనకేమో మైలేజ్ తగ్గినట్టు కనిపించింది.

ఒక ఉదాహరణ చేద్దాం. పాత టైర్లతో జీపీఎస్ 50.0 అంటే కారు 51.0 అంది. ట్యాంకులో ట్రిప్ మీటర్ 612 చూపగా 25 లీటర్లు పట్టింది. కనిపించే మైలేజ్ 24.5. అసలు దూరం 612 ను 51తో భాగించి 50తో హెచ్చిస్తే 600 కిలోమీటర్లు, కాబట్టి నిజమైన మైలేజ్ 24.0. కొత్త టైర్లతో జీపీఎస్ 50.0 అంటే కారు 50.2 అంది. ట్రిప్ మీటర్ 575, పెట్రోలు 25 లీటర్లు. కనిపించేది 23.0, నిజమైనది 22.9. కళ్లకు కనిపించిన తగ్గుదల 6 శాతం, నిజమైన తగ్గుదల 4.6 శాతం. ఆరులో దాదాపు ఒకటిన్నర ఓడోమీటర్ (కారు దూరం చూపే మీటర్) ఖాతాలో పోయింది.

మిగిలిన 4.6 ఎక్కడిది? ఇక్కడ కొత్త రబ్బరు మందం వస్తుంది. లాగుడులో పెద్ద భాగం ట్రెడ్ దగ్గరే పుడుతుంది. నొక్కుకునే రబ్బరు ఎంత ఎక్కువుంటే అంత వేడి. చివరిదాకా అరిగిన టైరు లాగుడు కొత్తగా ఉన్నప్పటికంటే ఐదో వంతో, అంతకుమించో తక్కువగా ఉంటుంది. లాగుడు 10 శాతం మారితే మైలేజ్ 1 నుంచి 2 శాతం మారుతుందన్నది మామూలు కార్లకు చాలాకాలంగా వాడే మోటు లెక్క, హైబ్రిడ్‌కు 2 శాతం వైపే మొగ్గుతుంది. అరిగినదాని స్థానంలో కొత్తది వచ్చినప్పుడు లాగుడు పావు వంతు పెరిగిందనుకుంటే, 2.5 నుంచి 5 శాతం మైలేజ్ పోవాలి. అంటే అచ్చం అదే మోడల్ టైరు మళ్లీ వేయించుకున్నా, ఆ 4.6 శాతం పోవడంలో వింతేమీ లేదు. అది టైరు తప్పూ కాదు, కారు తప్పూ కాదు. గాడులు అరిగేకొద్దీ నెలల మీద నెమ్మదిగా వెనక్కి వస్తుంది. ఆ రోజు "ఇప్పుడు బాగా ఇస్తోంది" అని సంతోషించే సమయానికి టైరు ముసలిదై ఉంటుందన్నది వేరే సంగతి.

వాతావరణం కూడా తీసేయాలి. చలికాలంలో టైరు మార్పిస్తే కొత్త టైర్ల మీద చలి నింద కూడా పడుతుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, రబ్బరు గట్టిపడి ఎక్కువ లాగుతుంది, ఇంజిన్ వేడెక్కడానికి ఎక్కువసేపు తిరుగుతుంది, బ్యాటరీ మందకొడిగా ఉంటుంది. మండుటెండలో ఏసీ బ్యాటరీని తినేస్తుంది. ముందు, తర్వాత కొలతలు ఒకే రుతువులో పడకపోతే పోలికకు తొందరపడకండి, అదే కాలం మళ్లీ వచ్చేదాకా ఆగితే అప్పుడు నమ్మొచ్చు.

ఇంకా లెక్క తేలకపోతే

ఓడోమీటర్ సరిచేసి, గాలి సరిచేసి, వాతావరణం చూసుకున్నా నిజమైన తగ్గుదల 5, 6 శాతం లోపు ఉంటే వదిలేయండి. 10 శాతం దగ్గరకు పోతే రెండు కారణాలు వెతకాలి.

మొదటిది, టైరు ఎంపికే తేడా కొట్టింది. లేబుల్ తరగతి చూడండి. డి, ఇ తరగతుల టైరు బిగించుకుని, కారుతో వచ్చిన టైరు మైలేజ్ కావాలంటే అది రాదు. మార్చుకునే అవకాశం షాపు ఇస్తుందేమో అడగొచ్చు. లేకపోతే ఈ జత అరిగేదాకా భరించి, వచ్చేసారి అక్షరం చూసి కొనాలి. మంచి టైర్లను మైలేజ్ కోసమే పారేసి కొత్తవి కొనడం మాత్రం ఏ లెక్కలోనూ గిట్టుబాటు కాదు.

రెండోది, టైర్ల మీద నింద పడుతున్న వేరే దోషం. హైబ్రిడ్‌లో వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లకు పని తక్కువ, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ తుప్పుపట్టి పట్టేయడం వీటిలో ఉన్నదే. చక్రాలు విప్పి బిగించే సందర్భంలోనే అది బయటపడటమో, ముదరటమో జరగొచ్చు. బ్రేకులు ఎక్కువ వాడని దారిలో పది కిలోమీటర్లు నడిపి వచ్చి, నాలుగు చక్రాల దగ్గరా అరచేతిని రిమ్‌కు కాస్త దూరంలో పెట్టి వేడి చూడండి, డిస్కును మాత్రం ముట్టుకోకండి, కాలుతుంది. మూడు చక్రాలు మామూలుగా ఉండి ఒకటి సెగ కొడుతుంటే బ్రేకు పట్టేసిందన్నమాట. సర్వీస్ సెంటర్‌కు పోవాల్సింది అప్పుడు. "మైలేజ్ తగ్గింది" అని పోతే సాఫ్ట్‌వేర్ చూస్తామంటారు. "వెనక ఎడమ చక్రం వేడెక్కుతోంది, అలైన్‌మెంట్ కాగితం ఇదిగో, ముందూ తర్వాతా మూడేసి ట్యాంకుల లెక్క ఇదిగో" అని పోతే చక్రం విప్పి చూస్తారు.